తపాలా బిళ్ళలు: వాటిని అచ్చువేసినవారు

(బి.యస్సీ. ద్వితీయ సంవత్సరం విద్యార్థి)

తపాలా బిళ్ళలు సేకరించే మిత్రులు మన కాలేజీలో ప్రతి బ్యాచిలోనూ ఒకరిద్దరు ఉంటారు. ఏ దేశపు బిళ్ళ, ఏ సంవత్సరం, ఎవరి బొమ్మ, ఎంత విలువ అనేవి ఇట్టే చెప్పేస్తారు. కాని "దీన్ని అచ్చువేసిందెవరు, ఎట్లా వేశారు?" అని అడిగితే మాత్రం ముఖముఖాలు చూసుకుంటారు. సైన్సు విద్యార్థులమైన మనకు అసలు ఆసక్తి కలగవలసింది ఆ ప్రశ్న దగ్గరే అని నా అభిప్రాయం. ఈ చరిత్రలో లోహశాస్త్రం ఉంది, రసాయన శాస్త్రం ఉంది, ఫోటోగ్రఫీ ఉంది. వీటన్నిటి వెనకా దొంగల భయం ఉంది.

అదేమిటో ముందు చెబుతాను. తపాలా బిళ్ళ అంటే మనం ప్రభుత్వానికి ముందుగా కట్టిన డబ్బుకు రసీదు. మామూలు రసీదు మీద పేరు ఉంటుంది, సంతకం ఉంటుంది. దీనిమీద రెండూ లేవు. ఎవరి చేతిలో ఉంటే వారిదే. పోనీ నోటులాగా పదిమంది తిప్పి చూసి, వెలుగుకు పట్టి చూసేది కూడా కాదు. పోస్టాఫీసులో ఒక్క క్షణం చూసి, ముద్ర కొట్టి సంచిలో వేస్తారు. అంచేత దీన్ని అచ్చువేసేవాడు మూడు పనులు ఒకేసారి సాధించాలి. కోట్ల సంఖ్యలో అన్నీ ఒకేలా, చవగ్గా వెయ్యాలి. అలాంటిది ఇంకొకడు వెయ్యలేకుండా చెయ్యాలి. ఒకసారి వాడినదాన్ని కడిగి మళ్ళీ అంటించే వీలు లేకుండా చెయ్యాలి. ఈ మూడూ ఒకదానికొకటి పొసగవు. అచ్చాఫీసువాడికి చవక అయిన పద్ధతి దొంగకు కూడా చవకే కదా!

ఈ చిక్కును మొదట ఎదుర్కొన్నది ఇంగ్లండు. దూరంతో నిమిత్తం లేకుండా ఒక పెన్నీకే ఉత్తరం చేరవెయ్యాలన్న రోలండ్ హిల్ పథకాన్ని 1839లో ఆ దేశం ఆమోదించింది. ముందుగా డబ్బు కట్టినట్టు గుర్తు ఎలా ఉండాలో సలహాలు ఇవ్వండని ఖజానా శాఖ పోటీ పెడితే సుమారు 2,600 సూచనలు వచ్చిపడ్డాయి. 100 పౌన్ల చొప్పున నాలుగు బహుమతులు కూడా ఇచ్చారు. కాని వాటిలో ఏ ఒక్కదాన్నీ ఉన్నదున్నట్టు వాడలేదు. చివరకు హిల్ వెళ్ళింది పెర్కిన్స్, బేకన్ అండ్ పెచ్ అనే సంస్థ దగ్గరికి.

జేకబ్ పెర్కిన్స్ ఇంగ్లీషువాడు కాదు, అమెరికావాడు. మసాచుసెట్స్‌లోని న్యూబరీపోర్టులో 1766లో పుట్టాడు. దొంగనోట్లు వెయ్యడానికి వీలుకాని ముద్రణ కనిపెట్టానని చెప్పి, యాభై ఏళ్ళు దాటాక 1819లో ఓడెక్కి లండను చేరాడు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు వారు ఆయన పద్ధతిని తీసుకోలేదు. అయినా ఆయన వెనక్కి పోలేదు. ఈయన మేకులు కొట్టే యంత్రం చేశాడు, ఆవిరితో పేలే తుపాకీ చేశాడు. 1834లో మంచు తయారుచేసే యంత్రానికి పేటెంటు పొందాడు. మన ఇళ్ళలోని ఫ్రిజ్‌కు పూర్వీకుడు అదే. ఒక మనిషికి ఇన్ని పనులు ఎలా చేతనయ్యాయో అని ఆశ్చర్యం కలుగక మానదు.

ఇక ఆయన పద్ధతి. మా ఊళ్ళో నాగలి కర్రు మొద్దుబారితే కమ్మరి దాన్ని ఎర్రగా కాల్చి, సాగగొట్టి, చుయ్‌మని నీళ్ళలో ముంచుతాడు. కాలినప్పుడు మెత్తగా ఉన్నది నీళ్ళలో పడగానే గట్టిపడుతుంది. పెర్కిన్స్ నమ్ముకున్నది కూడా ఉక్కుకున్న ఈ గుణాన్నే. మొదట మెత్తని ఉక్కు ముక్క మీద బొమ్మను ఒక్కసారి, ఎంతో సూక్ష్మంగా, చేత్తో చెక్కిస్తారు. తర్వాత దాన్ని వేడిచేసి గట్టిపరుస్తారు. దానిమీద మెత్తని ఉక్కు రోలరును గొప్ప ఒత్తిడితో ముందుకూ వెనక్కూ దొర్లిస్తే చెక్కిన గీతలన్నీ రోలరు మీద ఉబ్బెత్తుగా లేస్తాయి. ఇప్పుడు రోలరును గట్టిపరచి, మెత్తని ఉక్కు పలక మీద ఎన్నిసార్లు దొర్లిస్తే అన్ని బొమ్మలు అచ్చుగుద్దినట్టు దిగుతాయి. చెక్కింది ఒక్కసారే, కాపీలు ఎన్నైనా! చేత్తో ఒక్కొక్కటే చెక్కుకునే దొంగకు రెండు బొమ్మలు కూడా ఒకేలా రావు. చవకకూ భద్రతకూ ఉన్న పేచీని ఇంత ఉపాయంగా తీర్చినవాడు అంతకు ముందు లేడు.

రాణీ విక్టోరియా ముఖాన్ని 1837లో విలియం వయన్ చేసిన పతకం ఆధారంగా హెన్రీ కోర్బుల్డ్ గీశాడు. ఉక్కు మీద చెక్కింది చార్లెస్ హీత్, ఆయన కొడుకు ఫ్రెడరిక్. ముఖమే ఎందుకంటే అందులో కూడా ఒక ఎత్తుగడ ఉంది. పువ్వులోనో చెట్టులోనో రెండు గీతలు తేడా వస్తే మనం గమనించం. మనిషి ముఖంలో పెదవి వంపు వెంట్రుకవాసి మారినా కన్ను వెంటనే పట్టేస్తుంది. ఆ విధంగా పోస్టాఫీసు గుమాస్తా కన్ను కూడా కాపలాదారే అయింది.

ఒక షీటుకు 240 బిళ్ళలు. ఆ లెక్క ఎందుకంటే అప్పట్లో పౌనుకు 240 పెన్నీలు. అడ్డంగా 12, నిలువుగా 20 వరసలు. ప్రతి బిళ్ళ అడుగున రెండు మూలలా రెండు అక్షరాలు విడిగా పంచ్‌తో కొట్టారు. మొదటి బిళ్ళకు ఎ, ఎ. చివరిదానికి టి, ఎల్. షీటులో ఏ రెండింటికీ ఒకే జత ఉండదు. ఎవడైనా ఒక బిళ్ళను చూసి దొంగపలక చేసుకుంటే వాడి సరుకంతటి మీదా ఒకే జత ఉండి పట్టుబడిపోతాడన్నమాట. ఇదీ ఏర్పాటు. 1840 మే 1న అమ్మకానికి వచ్చి, మే 6 నుంచి చెల్లుబాటైన ఈ నల్ల పెన్నీ బిళ్ళలు మొత్తం 6 కోట్ల 80 లక్షలకు పైగా అచ్చయ్యాయి. దానికి 11 పలకలు పట్టాయి.

అయితే ఇంత ఆలోచించినవాళ్ళకు దెబ్బ ఇంకోవైపు నుంచి తగిలింది. బిళ్ళ నలుపు, దానిమీద కొట్టే ముద్ర ఎరుపు. ఆ ఎర్రసిరాను జనం కడిగేసి బిళ్ళను మళ్ళీ అంటించడం మొదలుపెట్టారు. నల్లసిరా గట్టిది, ఎర్రసిరా బలహీనమైనది. ప్రభుత్వం రంగులు తారుమారు చేసింది. 1841లో బిళ్ళ ఎర్రగోధుమ రంగుకు మారింది, ముద్ర నలుపైంది. ఉక్కు ఎంత గట్టిదైనా చివరకు తీర్పు చెప్పింది సిరాయే అని గమనించాలి.

బిళ్ళల చుట్టూ చిల్లులు అప్పటికి లేవు. కత్తెరతో కత్తిరించుకోవలసిందే. హెన్రీ ఆర్చర్ అనే ఐరిష్ పెద్దమనిషి చిల్లులు వేసే యంత్రం చేశాడు. కాని చెక్కిన పలకతో అచ్చువెయ్యాలంటే కాగితాన్ని తడపాలి. ఆరేటప్పుడు ఒక్కో షీటు ఒక్కోలా ముడుచుకుంటుంది. దాంతో చిల్లులు వరస మధ్యలో పడక రాణిగారి ముఖం మీద పడేవి. అనేక తంటాలు పడ్డాక ప్రభుత్వం 1853లో 4,000 పౌన్లు ఇచ్చి ఆ హక్కులు కొన్నది. 1854 నుంచి చిల్లుల బిళ్ళలు వచ్చాయి.

పెర్కిన్స్ బేకన్ వారు వలస రాజ్యాలకు కూడా బిళ్ళలు వేసేవారు. కేప్ ఆఫ్ గుడ్ హోప్ వారి మూడుకోణాల బిళ్ళ 1853లో వీరు వేసిందే. అలాంటి సంస్థను దెబ్బతీసింది దొంగలు కాదు, మొహమాటం. రోలండ్ హిల్ అన్నకొడుకు ఆర్మండ్ హిల్ ప్రభుత్వంలో స్టాంపుల విభాగం అధికారి. 1861లో ఆయన తన స్నేహితుల కోసం వలస రాజ్యాల బిళ్ళలు రకానికి ఆరు చొప్పున కావాలని అడిగాడు. సంస్థవారు వాటిమీద రద్దు ముద్ర కొట్టి ఇచ్చారు. డబ్బు రూపేణా ఎవరికీ నష్టం లేదు. కాని వలస రాజ్యాల తరఫున కాంట్రాక్టులు చూసే క్రౌన్ ఏజెంట్లు మండిపడ్డారు. మా అనుమతి లేకుండా మా పలకలతో వేసినవి బయటికి ఎలా ఇస్తారు? పలకలు లాక్కుని, 1862లో పనిని పోటీదారుకు అప్పగించారు. ఎన్ని వేశామో, ఎవరికి ఇచ్చామో చివరి ముక్క వరకు లెక్క చెప్పగలగడమే ఈ వృత్తికి ప్రాణం. నాకు ఈ విషయంలో ఏజెంట్లదే న్యాయంగా తోస్తుంది.

ఆ పోటీదారు పేరు డి లా ర్యూ. వ్యవస్థాపకుడు థామస్ గర్న్‌సీ ద్వీపంవాడు. లండనుకు వచ్చి మొదట గడ్డి టోపీలు చేశాడు, 1831 నుంచి పేకముక్కలు అచ్చువేశాడు. పేకముక్కల అచ్చుకూ తపాలా బిళ్ళ అచ్చుకూ సంబంధం లేకపోలేదు. వెనకవైపు చూస్తే ఏ ముక్కకూ ఏ ముక్కకూ తేడా తెలియకూడదు కదా. వీరిది పెర్కిన్స్ పద్ధతికి సరిగ్గా తిరగబడిన పద్ధతి. అక్కడ సిరా గీతల గుంటల్లో ఉంటుంది. ఇక్కడ మామూలు పుస్తకాల అచ్చులాగా ఉబ్బెత్తు భాగం మీద ఉంటుంది. దీనిలో కాగితం తడపనక్కర్లేదు, వేగం ఎక్కువ, చిల్లులు వరస తప్పవు. కాని ఈ బిళ్ళను అనుకరించడం తేలిక. ఆ లోటును వీరు రసాయన శాస్త్రంతో పూడ్చారు.

థామస్ కొడుకు వారెన్ డి లా ర్యూ రసాయనికుడు, ఖగోళ శాస్త్రజ్ఞుడు కూడా. 1860లో స్పెయిన్ వెళ్ళి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫోటోలు తీసినవాడు. (గ్రహణం అనగానే 1868లో మన గుంటూరుకు వచ్చిన జాన్సెన్ గుర్తుకు వస్తాడు గాని అది వేరే వ్యాసం అవుతుంది.) ఈ సంస్థ తయారుచేసిన ప్రత్యేకమైన సిరాలు కడిగితే నిలవవు. ముద్రను చెరపబోతే బిళ్ళ రంగే ముందు కరిగిపోతుంది. పూర్వం ముద్ర సిరాను గట్టిది చేయబోయారు, వీరు బిళ్ళ సిరానే బలహీనం చేశారు. బలహీనతను ఆయుధంగా వాడుకోవడం అంటే ఇదే. బ్రిటనుకు 1855లో నాలుగు పెన్నీల బిళ్ళతో మొదలుపెట్టి, 1880 నాటికి పెన్నీ బిళ్ళను కూడా పెర్కిన్స్ బేకన్ చేతిలోంచి తీసుకున్నారు. 1881లో వచ్చిన ఊదారంగు పెన్నీ బిళ్ళ ఒక్కటే 3,300 కోట్లకు పైగా అచ్చయిందంటే ఆ అచ్చాఫీసు ఎంతటిదో ఊహించుకోవచ్చు.

ఇక మన దేశం సంగతికి వస్తాను. 1854లో ఇక్కడ కూడా దూరంతో పనిలేకుండా పావు తులం ఉత్తరానికి అర్ధణా రేటు పెట్టారు. బిళ్ళలు కావలసివచ్చాయి. కలకత్తా టంకశాలలో కర్నల్ ఫోర్బ్స్ సింహం, తాళవృక్షం ఉన్న నమూనా తయారుచేశాడు గాని, కావలసినన్ని వేసి ఇస్తానని హామీ ఇవ్వలేకపోయాడు. అప్పుడు ముందుకు వచ్చింది సర్వే ఆఫీసు. కెప్టెన్ థ్విలియర్ అక్కడ పటాలు అచ్చువేసే రాతి అచ్చు మీదనే బిళ్ళలు వేస్తానన్నాడు.

రాతి అచ్చు అంటే లిథోగ్రఫీ. 1796లో బవేరియాలో సెనెఫెల్డర్ కనిపెట్టింది. సున్నపురాయి మీద జిడ్డు సిరాతో బొమ్మ దింపి, రాయిని తడిపితే నీరు ఖాళీ జాగాలోనే నిలుస్తుంది. తామరాకు మీది నీటిబొట్టులాగా జిడ్డు మీద నిలవదు. తర్వాత పూసే జిడ్డు సిరా బొమ్మ మీదనే అంటుకుంటుంది. చెక్కడమూ లేదు, ఉబ్బెత్తూ లేదు. నూనెకూ నీటికీ ఉన్న వైరమే అచ్చు వేస్తుంది. థ్విలియర్ మొదట అర్ధణా బిళ్ళను ఎర్రటి సింధూరం రంగులో వేశాడు. ఇంగ్లండు నుంచి వచ్చిన ఆ రంగు అయిపోయింది. ఇక్కడి సింధూరం వాడితే రాతి మీది బొమ్మే పాడైపోయింది. సరే, నీలం రంగు వెయ్యండన్నారు. అందుకే 1854 అక్టోబరు 1న దేశమంతటా అమ్మకానికి వచ్చిన అర్ధణా బిళ్ళ నీలం, అణా బిళ్ళ ఎరుపు. జిగురు లేదు, చిల్లులు లేవు. అయితేనేం, ఒక పటాల ఆఫీసువారు కొద్ది నెలల్లో నేర్చుకుని కోట్ల సంఖ్యలో వేసి దేశానికి అందించారు.

నాలుగణాల బిళ్ళకు రెండు రంగులు. ఎర్రటి చట్రం, అందులో నీలం రంగు తల. అంటే ప్రతి షీటూ రెండుసార్లు అచ్చుకింద పెట్టాలి. రెండోసారి కాగితం తిరగబడితే తల కిందులౌతుంది. అయింది కూడా! తలకిందుల రాణి ఉన్న ఆ నాలుగణాల బిళ్ళలు ఇప్పుడు చాలా కొద్దిగా మాత్రమే మిగిలి, ప్రపంచ ప్రఖ్యాతి పొందాయి. ఇదే పొరపాటు 64 ఏళ్ళ తర్వాత, 1918లో, అమెరికా ప్రభుత్వపు అచ్చాఫీసులో కూడా జరిగింది. 24 సెంట్ల విమానం బిళ్ళలో నీలం విమానం తలకిందులైన షీటు ఒకటి బయటికి వచ్చింది. ఆ 100 బిళ్ళలను విలియం రోబీ అనే ఆయన 24 డాలర్లకు కొన్నాడు. అమెరికా పొరపాటుకు ఉన్న ప్రచారం మన కలకత్తా పొరపాటుకు లేదెందుకో.

కలకత్తా రాళ్ళు ఎక్కువకాలం నిలవలేదు. 1855లోనే ఈస్టిండియా కంపెనీ డి లా ర్యూకు పని అప్పగించింది. నాలుగణాలు, ఎనిమిదణాల బిళ్ళలు ముందుగా వచ్చాయి. నిజం చెప్పాలంటే లండను బిళ్ళలు నాణ్యమైనవే. రాతి అచ్చులో ఒక షీటుకూ ఇంకో షీటుకూ తేడా వస్తుంది, అనుకరించడమూ తేలిక. కాని దాని ఫలితం ఏమిటి? ఆనాటి నుంచి 70 ఏళ్ళపాటు గుంటూరులో అంటించే బిళ్ళ అయినా, పెషావరులో అంటించే బిళ్ళ అయినా లండనులో అచ్చయి ఓడలో రావలసిందే. చేతనైన పనిని అలవాటు తప్పించడం వల్ల జరిగే నష్టం ఏ లెక్కల పుస్తకంలోనూ కనిపించదు. పొలం పనిలో కూడా అంతే. విత్తనం సొంతంగా కట్టుకోవడం మానేసిన ఇంట్లో మరుసటి తరానికి ఆ విద్యే ఉండదు.

నైజాం సంస్థానానిది వేరే కథ. వారికి సొంత తపాలా ఉండేది. 1869లో వచ్చిన మొదటి బిళ్ళ పలకలు లండనులోని నిస్సెన్ అండ్ పార్కర్ వారివి. 1871లో వచ్చినవాటిని చెక్కింది బ్రాడ్‌బరీ విల్కిన్‌సన్ సంస్థ. విలువ ఇంగ్లీషు, పర్షియన్ లిపులతోపాటు మరాఠీ, తెలుగు అక్షరాల్లో కూడా వేశారు. మన ఓనమాలు ఎరుగని ఏ లండను పనివాడో ఉక్కు మీద తెలుగు అక్షరాలను కుడి ఎడమలు తిప్పి చెక్కుతున్నప్పుడు అవి అతనికి పూలతీగల్లాగా కనిపించి ఉంటాయి! 1931లో చార్మినారు, ఉస్మాన్‌సాగర్, అజంతా బొమ్మలతో వచ్చిన అందమైన వరుసకు పలకలు డి లా ర్యూ వారివి.

బ్రిటిషు ఇండియా బిళ్ళలు లండను నుంచి ఇంటికి వచ్చింది నాసిక్ పుణ్యమా అని. 1925లో అక్కడ ప్రభుత్వ సెక్యూరిటీ ప్రెస్సు వెలసింది. 1926 నుంచి బిళ్ళలు అక్కడే అచ్చవుతున్నాయి. 1929లో విమాన తపాలా బిళ్ళలు, 1931లో కొత్త ఢిల్లీ ప్రారంభోత్సవపు బొమ్మల బిళ్ళలు వేశారు. స్వాతంత్ర్యం వచ్చాక 1947 నవంబరు 21న త్రివర్ణ పతాకంతో, 'జైహింద్' అనే మాటతో వచ్చిన మూడున్నర అణాల బిళ్ళ కూడా నాసిక్‌దే.

అయితే మరుసటి సంవత్సరమే ఒక విచిత్రం జరిగింది. 1948 ఆగస్టు 15న గాంధీజీ స్మారకంగా నాలుగు బిళ్ళలు విడుదల చేశారు. ఖద్దరు కట్టిన మహాత్ముని బిళ్ళలు అచ్చయింది స్విట్జర్లండులో! కూర్వాజియే అనే సంస్థ వాటిని ఫోటోగ్రావ్యూర్ పద్ధతిలో వేసింది. నాసిక్‌లో అప్పటికి ఆ యంత్రాలు లేవు. దీన్ని చాలామంది ఎత్తిపొడిచారు. నాకు మాత్రం ఎత్తిపొడుపు కన్నా ఆ తర్వాత జరిగింది ముఖ్యం. నాలుగేళ్ళు దాటగానే, 1952 అక్టోబరు 1న కబీరు, తులసీదాసు, మీరా, సూరదాసు, గాలిబు, టాగూరుల బిళ్ళలు అదే పద్ధతిలో నాసిక్‌లోనే అచ్చయ్యాయి.

ఫోటోగ్రావ్యూర్ మన కెమిస్ట్రీ ల్యాబుకు చాలా దగ్గరి బంధువు. దీనితో మొదట బిళ్ళలు వేసింది 1914లో బవేరియా రాజ్యం. బైక్రోమేటు కలిపిన జిలటిను పొర మీద ఫోటో ద్వారా వెలుగు పడనిస్తారు. వెలుగు ఎక్కువ పడినచోట జిలటిను ఎక్కువగా గట్టిపడుతుంది. దాన్ని రాగి స్తూపం మీద పరచి ఫెర్రిక్ క్లోరైడు పోస్తే పొర పలచగా ఉన్నచోట రాగి లోతుగా, మందంగా ఉన్నచోట పైపైన కొరుక్కుపోతుంది. ఆ విధంగా లెక్కలేనన్ని చిన్న చిన్న గుంటలు ఏర్పడతాయి. లోతు గుంటలో సిరా ఎక్కువ, కాబట్టి అక్కడ రంగు చిక్కన. పైన మిగిలిన సిరాను పలచని ఉక్కు బ్లేడు గీకేస్తుంది. గీతలతో కాక ఛాయలతో ముఖం వస్తుంది కాబట్టి గాంధీజీ చిరునవ్వు అంత సహజంగా కుదిరింది.

పాత సంస్థల గతి క్లుప్తంగా చెబుతాను. పెర్కిన్స్ బేకన్ 1935లో మూతపడింది. డి లా ర్యూ చేతిలోంచి బ్రిటిషు పెన్నీ బిళ్ళ 1911లో హారిసన్ వారికి పోయింది. కాని 1961లో వాటర్లోను, 1986లో బ్రాడ్‌బరీ విల్కిన్‌సన్‌ను, చివరకు 1997లో ఆ హారిసన్‌నే డి లా ర్యూ కొనేసింది. అమెరికాలో 1894 నుంచి బిళ్ళలు వేసిన ప్రభుత్వ అచ్చాఫీసు 2005లో ఆ పని మానేసి ప్రైవేటు వారికి వదిలేసింది. మన దేశంలో మాత్రం నాసిక్‌కు తోడుగా 1982లో హైదరాబాదులో సెక్యూరిటీ ప్రింటింగ్ ప్రెస్ ఏర్పడింది. కొత్త స్మారక బిళ్ళతోపాటు తపాలా శాఖ ఇచ్చే చిన్న బ్రోచరు చివర చూడండి. ముద్రణ పద్ధతి, ముద్రాపకుల పేరు ఉంటాయి. వెట్ ఆఫ్‌సెట్, హైదరాబాదు అని చాలావాటి మీద కనిపిస్తుంది. ఆఫ్‌సెట్ అంటే థ్విలియర్ గారి నూనె, నీరు పద్ధతే. కాకపోతే రాయి బదులు పలుచని లోహపు రేకు, మధ్యలో ఒక రబ్బరు దుప్పటి.

బ్రోచరు లేని పాత బిళ్ళలకు మన కళ్ళే గతి. పది రెట్ల భూతద్దం ఉంటే చాలు. చెక్కిన పలకతో వేసినదైతే గీతలు కాగితం మీద లేచి ఉంటాయి, గోరుతో మెల్లగా రాస్తే తెలుస్తుంది. ఉబ్బెత్తు అచ్చయితే ప్రతి గీత అంచునా సిరా ఒత్తుకుని ముదురు రంగులో కనిపిస్తుంది. ఫోటోగ్రావ్యూర్ అయితే అక్షరాల అంచులు సన్నని రంపం పళ్ళలాగా ఉంటాయి. ఆఫ్‌సెట్ అయితే అంతా చదునుగా, రంగు చుక్కలు గుంపులు గుంపులుగా ఉంటాయి. భూతద్దం బోటనీ ల్యాబులో అడిగితే ఇస్తారు, సాయంత్రం నాలుగు లోపల తిరిగి ఇచ్చెయ్యాలి.